కాలేజీ ఫీజు ఎవరు కట్టారు?
మన ప్రాంతపు పైచదువుల ఖర్చు చరిత్ర

బడి చరిత్ర అనగానే కట్టించిన గదులు, పనిచేసిన ఉపాధ్యాయులు, పదో తరగతి ఫలితాలు గుర్తుకొస్తాయి. బడి దాటిన పిల్లల పైచదువుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. పదో తరగతి దాకా సర్కారు బడిలో ఫీజు బాధ లేదు. డిగ్రీ, ఇంజనీరింగ్, మెడిసిన్ అనగానే ఇంట్లో మొదటి మాట "ఫీజు ఎట్లా?" అన్నదే. ఈ ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు వెతుక్కున్నది. ఆ జవాబులను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. సాయం పొందే వర్గాలు పెరిగాయి, సాయం మొత్తం కూడా పెరిగింది. ఆ సాయం వేళకు అందడం మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

చుట్టం, దాత, హాస్టలు

నూరేళ్ల కిందట పైచదువు ఒక మనిషి దయ మీద ఆధారపడేది. మనకు దగ్గరి ఉదాహరణ మునగాలతో ముడిపడి ఉన్నది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల, ఆనాడు నిజాం రాజ్యం మధ్యలో ఉంటూనే ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెందిన పరగణా. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. భువనగిరిలో కొంత చదివాక, నాగపూర్ ప్రాంతంలో అక్క బండారు అచ్చమాంబ ఇంట ఉండి పైచదువు సాగించారు. ఎం.ఏ. పూర్తి చేసిన ఆ చదువు వెనుక అక్కాబావల ఆసరా ఉన్నది. తర్వాత మునగాల రాజా తోడ్పాటుతోనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వంటి పనులు సాగాయి. అచ్చమాంబకు మాత్రం బడి చదువు లేదు. తమ్ముడు చదువుతుంటే పక్కన తానూ నేర్చుకుని, 1902లో కథ రాసేంతటిదైంది. ఆడపిల్ల చదువుకు ఇల్లు ఎంత ఖర్చు పెట్టేదో ఈ ఒక్క కుటుంబమే చెబుతుంది.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే సంవత్సరం హైదరాబాదులో రెడ్డి హాస్టలు మొదలైంది. తర్వాత నగర కొత్వాలైన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పూనికతో, సంస్థానాధీశుల, భూస్వాముల విరాళాలతో అది నడిచింది. నల్లగొండ పల్లెల నుంచి పోయే విద్యార్థికి కాలేజీ ఫీజు కన్నా నగరంలో ఉండే చోటు, తినే తిండి పెద్ద ఖర్చు. ఆ ఖర్చును హాస్టలు మోసింది. భువనగిరి తాలూకా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ఆ హాస్టలు విద్యార్థే. సురవరం ప్రతాపరెడ్డి దాని బాగోగులు చూశారు. తర్వాత మరికొన్ని కులాల పేర హాస్టళ్లు వెలిశాయి. అయితే ఈ పద్ధతిలో ఒక లోటు ఉన్నది. తమలో విరాళం ఇవ్వగల ధనికులు లేని కులాల పిల్లలకు హాస్టలూ లేదు.

సర్కారు విద్యార్థి వేతనం

దయ స్థానంలో హక్కు రావడానికి కొంతకాలం పట్టింది. డాక్టర్ అంబేడ్కర్ 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో. నెలకు 11.5 పౌండ్లు, మూడేళ్లపాటు. బదులుగా చదువు ముగిశాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పంద పత్రం రాయవలసి వచ్చింది. అదే అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడుగా ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పదో తరగతి తర్వాతి చదువుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మొదలైంది. కొద్ది ఏళ్లకే అది గిరిజన విద్యార్థులకూ విస్తరించింది. అదే 1944లో అమెరికా ప్రభుత్వం యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల చదువు ఖర్చును భరించే చట్టం చేసింది. పైచదువు ఖర్చు ఇంటి సొంత వ్యవహారం కాదు, సమాజం పెట్టే పెట్టుబడి అన్న ఆలోచన అప్పుడు అనేక దేశాల్లో బలపడుతున్నది.

1956లో నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల వచ్చింది. 2007లో జిల్లాకే మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ రెండింటినీ ఆర్థిక సాయాలుగానే లెక్కించాలి. కాలేజీ దగ్గరికి వస్తే హైదరాబాదు హాస్టలు ఖర్చు బస్సు పాసుతో సరిపోతుంది. ఇల్లు దాటి పంపడానికి జంకే తల్లిదండ్రులు ఆడపిల్లను ధైర్యంగా చేర్పిస్తారు.

కాలువ నీళ్లు, ప్రైవేటు సీట్లు

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మన పొలాలకు వరి వచ్చింది, మిర్యాలగూడకు రైసు మిల్లులు వచ్చాయి. పిల్లల పైచదువు గురించి ఆలోచించగల ఇళ్లు పెరిగాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు పెరిగాయి, వాటితోపాటు డొనేషన్లూ వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల్లో సగం ఉచిత సీట్లు, సగం చెల్లింపు సీట్లు అన్న పద్ధతి పెట్టింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసు తీర్పుతో ఆ పద్ధతి పోయింది. అప్పటి నుంచి కన్వీనర్ కోటా సీటుకూ ఫీజు కట్టవలసిందే.

కాలువ కింది రైతుకు ఇందులో మరో చిక్కు ఉన్నది. అడ్మిషన్లు, ఫీజులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నడుస్తాయి. దుక్కి, నారు, నాట్లు, ఎరువులు కూడా ఆ నెలల్లోనే. చేతికి పంట వచ్చేది నవంబరు, డిసెంబరుల్లో. ఆస్తి ఉన్న ఇంట్లో కూడా ఫీజు గడువునాడు చేతిలో డబ్బుండదు. అందుకే బంగారం కుదువకు పోతుంది, లేదా సేటు దగ్గర మిత్తికి అప్పు పుడుతుంది. కూలీ చేసుకునే ఇంటికైతే కుదువ పెట్టడానికీ ఏమీ ఉండదు.

ఫీజు రీయింబర్స్‌మెంటు

2008-09 విద్యా సంవత్సరంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వృత్తి విద్యల పూర్తి ఫీజు భరించే సాయాన్ని బీసీలకు విస్తరించింది. తర్వాత ఇతర వర్గాల పేదలకూ వర్తింపజేసింది. మన పల్లెల నుంచి మొదటి తరం ఇంజనీర్లు ఇంతమంది వచ్చారంటే దాని పాత్ర కాదనలేనిది. 2012-13 నుంచి బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో పది వేల లోపు ర్యాంకుకే పూర్తి ఫీజు, మిగిలినవారికి 35,000 రూపాయలు అన్న హద్దు వచ్చింది. పై తేడా ఇంటిమీద పడింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో 'ఫాస్ట్' పేర కొత్త పథకం ప్రకటించి, 1956 నాటి స్థానికతను షరతుగా పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకుని పాత పద్ధతినే కొనసాగించారు.

రీయింబర్స్‌మెంటు అంటేనే ఖర్చయిన తర్వాత తిరిగి ఇచ్చేది. ముందు ఎవరో ఒకరు భరించాలి. విడుదల ఆలస్యమైతే కళాశాల భరించాలి, అది భరించలేనప్పుడు విద్యార్థిని అడుగుతుంది. చదువు పూర్తయినా బకాయి పేర సర్టిఫికెట్లు చేతికి రాక ఉద్యోగం, పైచదువు ఆగిన పిల్లలున్నారు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. మరోవైపు కళాశాలలకూ జీతాలివ్వాలి. 2025 సెప్టెంబరులో, మళ్లీ నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. పథకం కాగితం మీద ఉచితమే. ఆలస్యం ఖరీదు మాత్రం ఎక్కువగా పేదింటి మీదే పడుతున్నది.

బ్యాంకు అప్పు

2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకంతో విద్యా రుణాలు ఊపందుకున్నాయి. ఆ నమూనాలో నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేకపోయింది. 2009-10 నుంచి తక్కువ ఆదాయ కుటుంబాలకు చదువుకునే కాలంలో వడ్డీని కేంద్రం భరించే ఏర్పాటు వచ్చింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మిని ఆమోదించింది. ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికే అది వర్తిస్తుంది. మన దగ్గర వాయిదా చదువు ముగిసి కొంతకాలం గడవగానే మొదలవుతుంది, ఉద్యోగం వచ్చినా రాకున్నా. ఆస్ట్రేలియా 1989లో మరో దారి పట్టింది. అక్కడ చదువు బాకీని విద్యార్థి ఆదాయం ఒక స్థాయికి చేరిన తర్వాతే పన్నుతోపాటు వసూలు చేస్తారు. తీర్చగల వేళ చూసి అడగడం అంటే అదే.

మన సంఘం చేయగలిగింది

ఇంత చరిత్ర చెప్పింది స్వర్ణోత్సవ సందర్భంలో ఒక ప్రతిపాదన కోసం. లక్షల ఫీజును పూర్వ విద్యార్థుల సంఘం మోయలేదు, అది ప్రభుత్వ బాధ్యత. సర్కారు సొమ్ము వచ్చే లోపలి ఖాళీని మాత్రం మనం పూడ్చగలం. పరీక్ష ఫీజు, బస్సు పాసు, హాస్టలులో మొదటి నెల మెస్ బిల్లు, సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి కట్టవలసిన బకాయి: చాలామందిని ఆపేసేవి ఇలాంటివే. మన బడిలో చదివి పైచదువుకు పోయే పిల్లలకు వీటి కోసం మిత్తి లేని చేబదులు ఇచ్చే చిన్న నిధి పెట్టుకుందాం. స్కాలర్‌షిప్పు వచ్చాక తిరిగి కడతారు, ఆ డబ్బు మరొకరికి పోతుంది. తీర్చలేని ఇల్లుంటే సంఘం మాఫీ చేస్తుంది. ఇచ్చింది, తిరిగి వచ్చింది ఏటా సభ్యుల ముందు పెట్టాలి. తీసుకున్నవారి పేర్లు మాత్రం బయటపెట్టకూడదు.

దానితోపాటు ఏటా జూన్‌లో ఒక ఆదివారం మన ఉపాధ్యాయులు, ఉద్యోగస్థులైన పూర్వ విద్యార్థులు బడిలో కూర్చుని ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు ఖాతా-ఆధార్ జోడింపు, ఈ-పాస్ దరఖాస్తు సరిచూసి పెట్టాలి. పేరులో ఒక్క అక్షరం తేడాతో ఏడాది స్కాలర్‌షిప్పు ఆగిపోయే రోజులివి. ఈ పనికి పైసా ఖర్చు లేదు. నిధి సంగతి వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చుకున్నా, ఈ ఆదివారం పని మాత్రం ఈ జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు.