ఒకే బాణం, రెండు మరణాలు

కథల్లో ఆయుధానికి నిలకడ ఉండదు. ఒకచోట ఒక్క బాణానికి ఏనుగు కూలుతుంది. మరొకచోట వంద బాణాలు తగిలినా వీరుడు ధర్మం గురించి మాట్లాడుతూనే ఉంటాడు. సినిమాలో పేల్చిన తుపాకి పేరులేని అనుచరుణ్ణి క్షణంలో పడగొడుతుంది; అదే తుపాకి నాయకుడి భుజం మీద ఒక ఎర్రటి మరకను మాత్రం మిగిల్చి ఊరుకుంటుంది. ఈ వైచిత్రి మీద నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దానికి తోడుగా ఒక బొమ్మ పెట్టాలి. ఒక్క చూపులో విషయమంతా చెప్పగలిగే బొమ్మ ఏదా అని వెదకబోతే, ఆ వెదుకులాటే ఈ వ్యాసమయింది.

భైంసాలో ఉండేవాడికి మొదట భారతమే తోచడంలో వింత లేదు. గోదావరి ఒడ్డున ఉన్న బాసర మాకెంతో దూరం కాదు. కురుక్షేత్రం ముగిశాక వ్యాసుడు మనశ్శాంతి కోరి అక్కడికి వచ్చాడనీ, రోజూ నదిలో స్నానం చేసి పిడికిళ్లతో ఇసుక తెచ్చి పోయగా అమ్మవారి మూర్తి ఏర్పడిందనీ స్థలపురాణం. అంత యుద్ధం రాసినవాడికి శాంతి కావలసిరావడం సహజమే గదా!

ఆ యుద్ధంలో భీష్ముడు పదవ రోజున పడ్డాడు. ఒంటినిండా బాణాలు, దేహం నేలను తాకనే లేదు. వేలాడుతున్న తలకు అర్జునుడు మూడు బాణాలతో తలగడ అమర్చాడు. అంతటి గాయాలతో ఆ వృద్ధుడు ఉత్తరాయణం వచ్చేదాకా, యాభై ఎనిమిది రాత్రులు, అంపశయ్య మీద ఉన్నాడు. ఊరక ఉండలేదు, శాంతి, అనుశాసనిక పర్వాలనిండా ధర్మరాజుకు రాజనీతి, ధర్మశాస్త్రం బోధించాడు. కర్ణుడికి మాత్రం ఒక్క బాణంతో తల తెగిపడింది. శ్రీకృష్ణుడంతటివాడు అడవిలో జరుడనే వేటగాడి బాణం పాదానికి తగిలి అవతారం చాలించాడు.

పాదానికి ఒకటి తగిలితే మరణం, ఒళ్లంతా తగిలితే ఉపన్యాసం. ఇంతకంటె గొప్ప ఉదాహరణ ఏముంటుంది, అంపశయ్య బొమ్మే పెడదామనుకున్నాను. అయితే భారతం ప్రతిదానికీ లెక్క అప్పజెబుతుంది. భీష్ముడికి తండ్రి ఇచ్చిన స్వచ్ఛందమరణ వరముంది. కర్ణుడు కవచకుండలాలు దానం చేశాడు, శాపాలు మోశాడు. కృష్ణుడికి గాంధారి శాపముంది. ఆ బాణపు ములుకు కూడా యాదవవంశాన్ని నాశనం చేసిన ముసలం తాలూకు మిగులు ఇనుమే. వ్యాసుడి లెక్కలో బాణానికి సొంత బలం లేదు. తగిలినవాడి కర్మను బట్టి, వరాన్ని బట్టి అది పనిచేస్తుంది.

ఆ లెక్కలోనే ఒకచోట మనసు చివుక్కుమంటుంది. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది, తగిలినవాణ్ణి చంపితీరుతుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఒక రాత్రి యుద్ధంలో అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. పాండవులు కన్నీరు కారుస్తుంటే కృష్ణుడు ఆనందంతో చిందులు వేశాడు: అర్జునుడు బతికాడు! అడవిలో హిడింబకు పుట్టిన కొడుకు ప్రాణం ఆ విధంగా లెక్కలో జమయింది.

ఇక మన సినిమాలకు వరాలతో, శాపాలతో పనిలేదు. మిత్రుడు తూటా తగిలి పడిపోతాడు; చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, చెల్లెలి పెళ్లి అప్పగించి, అప్పుడు కన్నుమూస్తాడు. ప్రతినాయకుడి మనుషులకు అంత తీరిక ఉండదు. 2022లో వచ్చిన రాజమౌళి చిత్రం ఆర్ఆర్ఆర్‌లో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండులో తయారై సముద్రాలు దాటి వచ్చిన తూటా విలువెంతో దొర ఉపన్యసిస్తాడు. గోండు తల్లి ప్రాణం ఆ ఖరీదు చేయదని చెప్పగా, సిపాయి ఆమెను దుంగతో కొడతాడు. చివరికి ఆ దొర ఒకే తూటాకు నేలకొరుగుతాడు. ఈ రెంటి మధ్య నాయకులిద్దరి మీద కురిసిన తూటాలు మాత్రం వాళ్లను ఆపలేకపోయాయి. ఒక తూటాకు ఒక్కొక్క దేహం మీద ఒక్కొక్క ధర అన్నమాట. ఆ చిత్రంలోని నాయకుల్లో ఒకరికి మా ఉమ్మడి ఆదిలాబాదు బిడ్డ కుమ్రం భీం పేరు, మరొకరికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్నారు గనుక, ఆ చిత్రంలోని ఒక దృశ్యం పెట్టినా బాగానే ఉంటుందనుకున్నాను.

కాని ఆ పేర్లే నన్ను ఆపాయి. నిజమైన లోహానికి పక్షపాతం లేదు. ఆ సంగతి మా ప్రాంతానికి బాగా తెలియాలి. గోదావరికి ఆవల, నిజామాబాదు వైపు ఉన్న కోనసముద్రంలో మట్టి మూసల్లో కరగించి తీసిన ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దపు తొలినాళ్లలో వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పనిని స్వయంగా చూసి రాసిపెట్టాడు. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఇనుపరాయిని గురించి కూడా ప్రస్తావించాడు. ఆ ఉక్కు పశ్చిమాసియాలో మేలైన కత్తులయింది. ఆ కత్తి ఎవరి మెడ మీద పడినా ఒకేలా తెగుతుంది. పట్టినవాడు ఎవరో, ఎదుట ఉన్నవాడు ఎవరో దానికి అక్కరలేదు.

ఈ నిజాన్ని కథ కప్పివేసినప్పుడు ఏం జరిగిందో చరిత్రలో ఉంది. ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా అనుచరులు తెల్లవాడి తూటాలు నీళ్లయిపోతాయని నమ్మారు; 1900 జనవరిలో సైల్ రకబ్ కొండ మీద అవి నీళ్లు కాలేదు. 1905లో జర్మన్ తూర్పు ఆఫ్రికాలో తిరగబడ్డవారు మంత్రజలం మీద అదే నమ్మకం పెట్టుకున్నారు. ఆ తిరుగుబాటుకు మాజీ మాజీ అన్న పేరే వచ్చింది, మాజీ అంటే వారి భాషలో నీరు. మన్యంలో సీతారామరాజుకు గుండు తగలదని చెప్పుకున్నారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను చెట్టుకు కట్టి కాల్చారు.

మరి జోడెఘాట్? భూమి కోసం, అడవి మీద హక్కు కోసం బాబెఝరి మొదలైన పన్నెండు ఊళ్ల పేరిట నిలబడ్డ భీం, 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాడు. వెంట ఉన్నవారిలో మరికొందరు కూడా మరణించారు. ఆ తరువాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను పరిశీలించడానికి హైమెండార్ఫ్‌ను నియమించింది. నేడు జోడెఘాట్‌లో భీం విగ్రహముంది, మ్యూజియముంది. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జనం చేరి తలచుకుంటారు. వెంట పడినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు?

తూటాకు అక్కరలేని భేదాన్ని మనం కథలో తెచ్చిపెట్టుకున్నాం. అది వట్టి అజాగ్రత్త అని నేననుకోను. పోగొట్టుకోలేని మనిషిని కథకుడు చావనివ్వడు, చంపక తప్పకపోతే మాట్లాడనిచ్చి చంపుతాడు. అది ప్రేమే. తుపాకి ముందు వట్టి చేతులతో నిలబడవలసినవాడికి అది ధైర్యం కూడా. అయితే ఆ ప్రేమకు అంచు ఉంది. అంచుకు ఆవల ఉన్నవాడు ఒక్క బాణానికే పోతాడు, వాడి కోసం కథ ఒక్క క్షణం ఆగదు. ఏ ఆయుధం ఎంత చంపిందన్నది చూస్తే, ఎవరి చావును లెక్కలోకి తీసుకున్నారో తెలిసిపోతుంది.

ఇలా అనుకున్నాక బొమ్మ ఎంపిక తేలికయింది. ఇక్కడి ఒక పత్తి అడితి దుకాణంలో గోడకు పాత క్యాలెండరు పటం ఉంది. ముందువైపు అంపశయ్య మీద భీష్ముడు, చేతులు జోడించిన పాండవులు, విల్లు ఎక్కుపెట్టి నేలలోంచి గంగను రప్పిస్తున్న అర్జునుడు. అందరూ చూసేది అదే. వెనుక, రథచక్రాల పక్కన, పేరులేని సైనికులు పడి ఉన్నారు. ఒక్కొక్కడి రొమ్ములో ఒక్కొక్కటే బాణం. చిత్రకారుడు ఏమనుకుని వేశాడో గాని, భీష్ముడి ఒంట్లో ఉన్నవీ, వాళ్ల రొమ్ముల్లో ఉన్నవీ ఒకే రంగు, ఒకే పొడవు, ఒకే ఈకలు.

ఆ పటమే పెడుతున్నాను. ఇంతకంటె తగినది మీకు తోస్తే తెలియజేయగలరు. ఈలోగా దాన్ని చూసేటప్పుడు, దయచేసి ముందు వెనుకవైపు చూడండి.