కాస్త సామాను, కుదుటపడ్డ మనసు: గాంధీజీ ఇల్లు చెప్పే చరిత్ర



చరిత్ర అనగానే యుద్ధాలు, ఒప్పందాలు, ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో ఒక ఇంట్లోని సామాను గురించి మాట్లాడుకుందాం. సామానుకూ చరిత్రకూ సంబంధమేమిటని మీకు సందేహం కలగవచ్చు. పండుగకు ముందు మీ ఇంట్లో అటక మీది పాత సామాను దించి, అక్కరలేనివి తీసివేసిన రోజును ఒకసారి గుర్తుచేసుకోండి. ఇల్లు విశాలమైనట్లు, మనసు తేలికైనట్లు అనిపించి ఉంటుంది. ఈ అనుభవాన్నే మహాత్మాగాంధీ జీవిత నియమంగా మార్చుకున్నారు. అయితే అది ఆయనకు సులువుగా అబ్బలేదు. ఆయన ఇంట్లో కన్నీళ్ళు కూడా పెట్టించింది.

నిద్రపట్టని రాత్రి

1901లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి బయలుదేరారు. నేటాల్‌లోని భారతీయులు వీడ్కోలు సభలు జరిపి బంగారు, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. వాటిలో కస్తూర్బా కోసం ఇచ్చిన 50 గినీల విలువైన బంగారు హారం కూడా ఉంది.

కానుకలు చేతికి అందిన రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తూ గడిపారు. వాటిని వదులుకోవడం కష్టమే, ఉంచుకోవడం అంతకంటే కష్టం అనిపించిందని ఆత్మకథలో రాసుకున్నారు. ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకోవచ్చునా? నగల మోజు విడవమని ఇతరులకు చెప్పే మనిషి ఇంట్లో ఈ నగలు ఉండవచ్చునా? ఇవీ ఆయనను వేధించిన ప్రశ్నలు. చివరికి వాటన్నింటినీ సమాజసేవకు అప్పగిస్తూ, పార్సీ రుస్తుంజీ మొదలైనవారిని ధర్మకర్తలుగా పేర్కొంటూ ఉత్తరం సిద్ధం చేశారు. అప్పుడు గాని ఆయన మనసు కుదుటపడలేదు.

మరునాడు పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు. కస్తూర్బా ఒప్పుకోలేదు. రేపు కోడళ్ళు వస్తే వారికి నగలు అక్కరలేదా, రేపు ఏమి జరుగుతుందో ఎవరికి తెలుసు అని ఆమె అడిగారు. తన హారం మీద భర్తకు హక్కెక్కడిదని నిలదీశారు. ఆయన చేసిన సేవలో, రాత్రింబవళ్ళు ఇంటి చాకిరీ చేసిన తన శ్రమ లేదా అని ప్రశ్నించి కన్నీరు పెట్టుకున్నారు. ఆమె మాటలు సూటిగా తగిలాయని గాంధీజీయే ఒప్పుకున్నారు. అయినా 1896లో, 1901లో వచ్చిన కానుకలన్నీ బ్యాంకుకు చేరాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒకరి మనశ్శాంతి కోసం మరొకరి వస్తువును వదిలించడం ఎంతవరకు న్యాయం? కాలక్రమంలో కస్తూర్బా కూడా ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నారని గాంధీజీ రాశారు. కానీ అది ఆయన మాట. ఆ రోజు ఆమె వేసిన ప్రశ్న మాత్రం నేటికీ విలువైనదే.

అపరిగ్రహం అంటే?

అవసరానికి మించి కూడబెట్టకపోవడమే అపరిగ్రహం. జైనుల ఐదు వ్రతాలలో ఇది ఒకటి. పతంజలి యోగసూత్రాలలోని ఐదు యమాలలోనూ ఉంది. 1915లో అహ్మదాబాదు దగ్గర నెలకొల్పిన ఆశ్రమంలో గాంధీజీ దీనిని వ్రతంగా చేర్చారు.

1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళుతూ, తన అనుచరులు పెట్టెల కొద్దీ సామాను తెచ్చారని తెలిసి ఆయన మండిపడ్డారు. అక్కరలేని సామానును ఏడెన్ రేవు నుంచి వెనక్కి పంపించారు.

1936లో వార్ధా దగ్గరి సేగావ్ గ్రామానికి చేరినప్పుడు, తన నివాసానికి 500 రూపాయలకు మించి ఖర్చు కాకూడదని, చుట్టుపక్కల దొరికే సామగ్రితోనే కట్టాలని షరతు పెట్టారు. ఆ గ్రామమే తరువాత సేవాగ్రామ్ అయింది. అక్కడి బాపూ కుటీరాన్ని నేటికీ చూడవచ్చు. మట్టి గోడలు, నేల మీద చాప, రాసుకోవడానికి చిన్న బల్ల. దేశ రాజకీయాలను నడిపిన నాయకుడికి ఆ గది చాలింది.

పారవేయడమే కాదు, పదిలపరచడం కూడా

తక్కువ వస్తువులు ఉంటే చాలదు, ఉన్నవాటిని శ్రద్ధగా చూసుకోవాలి. కాకా కాలేల్కర్ చెప్పిన సంఘటన ఒకటి ఉంది. ఒకసారి గాంధీజీ చిన్న పెన్సిల్ ముక్క కోసం గదంతా వెతుకుతున్నారు. కాలేల్కర్ తన పెన్సిల్ ఇవ్వబోతే వద్దన్నారు. అది మద్రాసులో నటేశన్ గారి చిన్నబ్బాయి ప్రేమతో ఇచ్చినది. దానిని పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చివరికి ఆ ముక్క దొరికింది. విలువైన హారాన్ని వదులుకున్న మనిషే రెండు అంగుళాల పెన్సిల్ కోసం వెతికారు. ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో తెలుసుకోవడమే ఇందులోని కిటుకు.

విద్యార్థులారా, ఈ వారం మీ పుస్తకాల బల్లను, మీ అలమరాను ఒకసారి సర్దండి. మీకు అక్కరకు రానివి అక్కర ఉన్నవారికి ఇవ్వండి. అయితే అమ్మ దాచుకున్న పాత చీరను గానీ, తాతయ్య కళ్ళజోడు పెట్టెను గానీ వారిని అడగకుండా తీయకండి. సర్దుకోవడం మన వస్తువులతోనే మొదలుకావాలి. కస్తూర్బా కన్నీళ్ళు మనకు నేర్పే పాఠం అదే.