తాడని తెలిసినా తగ్గని భయం



నాకు లిఫ్టంటే భయం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మూడో అంతస్తులోని సెక్షనుకు మెట్లెక్కే వెళ్ళాను. ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటు ఐదో అంతస్తులో. మోకాళ్ళ నొప్పులతో అన్ని మెట్లెక్కలేక కిందటేడు మనవడి పుట్టినరోజుకు వెళ్ళలేదు. లిఫ్టు తెగిపడదని నాకు తెలుసు. "తెలిసీ ఇదేం భయమండీ?" అంటుంది మా ఇంటావిడ. ఆ ప్రశ్నే నన్ను పుస్తకాలు తిరగేయించింది.

చీకట్లో తాడును చూసి పామనుకుంటే, దీపం తేగానే భ్రాంతి పోతుందని మన వేదాంతులు చెప్పారు. కానీ ఈ భయం దీపానికి లొంగే రకం కాదు. లండన్ జంతుప్రదర్శనశాలలో చార్లెస్ డార్విన్ మందపాటి అద్దానికి దగ్గరగా ముఖం పెట్టి అవతలి విషసర్పాన్ని చూశాడు. వెనక్కి తగ్గకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము కాటు వేయబోగానే గజం, రెండు గజాలు వెనక్కి గెంతాడు! బుద్ధీ, సంకల్పమూ రెండూ పనిచేయలేదని 1872లో తన గ్రంథంలో దాపరికం లేకుండా రాసుకున్నాడు.

భయం అలవడే తీరును అమెరికాలో వాట్సన్, రేనర్ 1920లో చూపారు. ఒక పసివాడు తెల్ల ఎలుకను తాకినప్పుడల్లా వెనక ఇనుపకడ్డీని సుత్తితో మోగించారు. కొన్నాళ్ళకు ఎలుక కనబడితే చాలు, బిడ్డ ఏడ్చేవాడు. అలాంటి ప్రయోగాన్ని నేడు ఎవరూ ఒప్పుకోరు.

మరి అలవడిన భయం ఎందుకు పోదు? 1947లో మౌరర్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన సమాధానం నాకు సూటిగా తగిలింది. భయపడ్డదాన్ని తప్పించుకోగానే మనసు హాయిపడుతుంది. ఆ హాయే బహుమానమై, మళ్ళీ తప్పించుకోమంటుంది. లిఫ్టులో ఏమీ కాదని చూసే అవకాశమే రాదు. ఫైలు తెరవకుండా పెండింగులో పెడుతూ పోవడమన్నమాట! నేను మెట్లెక్కిన ప్రతిరోజూ నా భయానికి గడువు పొడిగించాను.

దారి లేకపోలేదు. జర్మన్ కవి గోథే 1770 ప్రాంతంలో స్ట్రాస్‌బర్గ్‌లో న్యాయశాస్త్రం చదువుతూ, ఎత్తంటే కళ్ళు తిరుగుతున్నాయని అక్కడి చర్చి గోపురం పైకి పదేపదే ఎక్కి ఆ భయాన్ని పోగొట్టుకున్నాడు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె, కుందేలంటే జడిసే పిల్లవాడు ఇష్టమైన తిండి తింటుండగా కుందేలును రోజురోజుకూ దగ్గరకు తెచ్చి, చివరికి వాడే దాన్ని నిమిరేలా చేసింది. అయితే పాత భయం పూర్తిగా చెరిగిపోదంటారు. మన ఆఫీసులో పాత ఉత్తర్వును చించెయ్యరు గదా, దానిపైన కొత్త ఉత్తర్వు చేరుస్తారు. ఇదీ అంతే. అందుకే సాధన ఆపితే భయం మళ్ళీ తలెత్తవచ్చు.

మొన్న ఉగాదికి మనవడు నా చెయ్యి పట్టుకుని లిఫ్టులో ఒక్క అంతస్తు ఎక్కించాడు. గుండె దడదడలాడింది. మర్నాడు మళ్ళీ ఎక్కాను. ఇప్పుడు మూడు అంతస్తులు లిఫ్టులో, రెండు మెట్లమీద.

మీ ఇళ్ళలో బల్లికో, ఉరుముకో, సూదికో జడిసేవారుంటే ఎగతాళి చేయకండి. తెలియక కాదు వారు భయపడేది. బాధ ఎక్కువైతే డాక్టరుకు చూపించండి. లేదా పక్కన నిలబడి, ఒక్క అంతస్తు ఎక్కించండి.