మంచు కింద పొలిమేర: అమెరికా వైల్డర్‌నెస్ సరిహద్దుల కాపలాలో స్నోమొబైల్ రైడర్లు

అమెరికా వైల్డర్‌నెస్ చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1964 సెప్టెంబరు 3న సంతకం చేశారు. మనిషి కట్టడాలూ యంత్రాలూ లేకుండా ఉంచాలని ఎంపిక చేసిన భూముల్లో మోటారు వాహనాలు నడపడాన్ని ఆ చట్టం నాలుగో సెక్షన్ నిషేధించింది. జాతీయ అటవీ భూముల్లో ఈ నిషేధాన్ని ఉల్లంఘించిన వ్యక్తికి గరిష్ఠంగా ఆరు నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా పడవచ్చు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా రాకీ పర్వతాల్లో, సియెర్రా నెవాడాలో చలికాలం వచ్చిందంటే రక్షిత ప్రాంతాల లోపల స్నోమొబైల్ జాడలు పడుతూనే ఉన్నాయి. వాటిని ఎవరు ఆపగలరన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. రేంజర్ల కన్నా తోటి రైడర్లే ఆ పని బాగా చేయగలరన్నది నా వాదనలో మొదటి సగం. రెండో సగం నాకు అంతకన్నా ముఖ్యం. రక్షిత ప్రాంతం పక్కనే తమకు తెరిచి ఉన్న నేల ఉండి, అది చేజారిపోయే ప్రమాదం కళ్లకు కడుతున్నచోటే రైడర్లు ఈ కాపలాకు గట్టిగా నిలబడతారు.

స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక తిరిగే రబ్బరు ట్రాక్ ఉంటాయి. క్యుబెక్‌లోని వాల్కూర్‌కు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1959లో ‘స్కీ-డూ’ను మార్కెట్లోకి తెచ్చాక ఈ బండి సామాన్యుల చేతికి వచ్చింది. అప్పటి బళ్లు చదును చేసిన దారుల మీద, గడ్డకట్టిన సరస్సుల మీద తిరిగేవి. మెత్తటి లోతు మంచులోకి దిగితే కూరుకుపోయేవి. కాబట్టి 1964లో చట్టం రాసినవాళ్ల దృష్టిలో పర్వత శిఖరాలకు బండి అనే బెడద ఉండే అవకాశం తక్కువ. నిటారు కొండలు, లోతైన మంచు తమంతట తామే కంచెగా నిలిచేవి. ఆ కంచె ఇప్పుడు లేదు. నేటి పర్వత స్నోమొబైళ్ల ట్రాకులు 150 అంగుళాలు దాటాయి. ట్రాక్ మీది పళ్లు రెండున్నర, మూడు అంగుళాల ఎత్తుంటాయి. ఒకప్పుడు స్కీలతో రోజంతా ఎక్కితే తప్ప చేరలేని గిన్నెలాంటి లోయల్లోకి ఇవి నిమిషాల్లో వెళ్లిపోతాయి. అదే కాలంలో రక్షిత భూమి కూడా పెరిగింది. 1964లో 91 లక్షల ఎకరాలతో మొదలైన వైల్డర్‌నెస్ వ్యవస్థ నేడు సుమారు 11.1 కోట్ల ఎకరాలకు విస్తరించింది. అందులో సగానికి పైగా ఉన్న అలాస్కాలో మాత్రం 1980 నాటి ప్రత్యేక చట్టం సంప్రదాయ అవసరాల కోసం ఈ బళ్లను అనుమతిస్తుంది. కనుక ఈ చర్చ అలాస్కాకు దక్షిణాన ఉన్న పశ్చిమ రాష్ట్రాలకే పరిమితం.

అమలు ఎందుకు కష్టమో చెప్పడానికి బాబీ అన్సర్ కేసును మించిన ఉదాహరణ లేదు. ఇండియానాపొలిస్ 500 పోటీని మూడుసార్లు గెలిచిన ఈ కార్ రేసర్ 1996 డిసెంబరులో ఒక మిత్రుడితో కలిసి కొలరాడో, న్యూమెక్సికో సరిహద్దు కొండల్లో స్నోమొబైల్ మీద వెళ్లి మంచు తుపానులో చిక్కుకున్నాడు. బళ్లు వదిలేసి, రాత్రులు మంచులో గడిపి, నడిచి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ తర్వాత పోయిన బండిని వెతకడంలో సాయం దొరుకుతుందని జాతీయ అడవులను నిర్వహించే ఫారెస్ట్ సర్వీస్ అధికారులను కలిసి, తాను తిరిగిన చోటు పటం మీద చూపించాడు. ఆ చోటు సౌత్ శాన్ వాన్ వైల్డర్‌నెస్ లోపల ఉంది. కేసు నమోదైంది. కోర్టు విధించిన జరిమానా 75 డాలర్లు. అయినా అతను అప్పీలుకు వెళ్లాడు. 1999లో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు శిక్షను సమర్థించింది. సరిహద్దు దాటుతున్నట్టు నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిన అవసరం లేదని, తుపాను వల్ల తప్పనిసరై వెళ్లానని చూపాల్సిన బాధ్యత అతనిదేనని తీర్పు చెప్పింది.

ఈ తీర్పును ప్రభుత్వ అతిక్రమణకు నిదర్శనంగా రైడర్లు చాలాకాలం చెప్పుకున్నారు. చట్టం దృష్టితో చూస్తే తీర్పులో తప్పు కనపడదు. అమలు దృష్టితో చూస్తే మాత్రం కలవరం కలుగుతుంది. తెలిసి చేశాడా లేదా అన్నది అక్కర్లేనంత కఠినమైన నేర నిర్వచనం ప్రభుత్వం చేతిలో ఉంది. అయినా కేసు నిలబడటానికి నిందితుడు తన వేలితో పటం మీద చోటు చూపించాల్సి వచ్చింది. శిక్ష ఎంత పెద్దదన్నదాని కన్నా పట్టుబడటం ఎంత ఖాయమన్నదే మనిషిని ఆపుతుందని నేరశాస్త్రం చెబుతుంది. మంచు కొండల్లో ఆ ‘ఖాయం’ దాదాపు శూన్యం. ఫారెస్ట్ సర్వీస్ ఏలుబడిలో 19.3 కోట్ల ఎకరాలున్నాయి. వాటిని చూసుకునే చట్ట అమలు అధికారులు కొన్ని వందల మందే. హెలికాప్టర్ నుంచో విమానం నుంచో ఫొటో తీస్తే జాడ దొరుకుతుంది గానీ నడిపినవాడు దొరకడు. బండి పక్కన అతికించే రిజిస్ట్రేషన్ స్టిక్కర్ దగ్గరకు వెళితే తప్ప చదవలేం. మళ్లీ మంచు కురిస్తే ఆ జాడా మిగలదు.

సరిహద్దు బోర్డుల సంగతీ అంతే. వేసవిలో మనిషి ఎత్తున కనిపించే బోర్డు ఫిబ్రవరికల్లా మంచులో కూరుకుపోతుంది. చెట్ల ఎగువ హద్దు దాటితే బోర్డు కొట్టడానికి మాను కూడా ఉండదు. అందుకే ఉల్లంఘనలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. గీత ఎక్కడుందో తెలియక దాటినవాడు ఉన్నాడు. ముందు వెళ్లిన జాడ చూసి, ఇటు వెళ్లవచ్చు కాబోలు అనుకున్నవాడు ఉన్నాడు. ఎవరూ తొక్కని మంచు కోసం తెలిసి తెలిసి దాటినవాడూ ఉన్నాడు. మొదటి ఇద్దరినీ ఆపడానికి సమాచారం చాలు. మూడోవాడు తోటివాళ్ల ముందు తల దించుకోవాల్సి వస్తుందని అనుకుంటేనే ఆగుతాడు.

ఇక్కడ మన కర్నూలు జిల్లా చెప్పే పాఠం ఒకటి ఉంది. పరిశోధకుడు రాబర్ట్ వేడ్ ఆ జిల్లాలో కాలువ కింద సాగుచేసే 31 గ్రామాలను పరిశీలించి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం ప్రచురించాడు. కొన్ని గ్రామాలు ప్రభుత్వంతో పనిలేకుండా ఉమ్మడి నిధి పోగుచేసుకుని, జీతాలిచ్చి పొలాలకు కావలివాళ్లను, నీళ్లు పారించడానికి ఉమ్మడి మనుషులను పెట్టుకున్నాయి. పశువులు పైరులో పడితే జరిమానా వేసేది ఊరే. కొద్ది మైళ్ల దూరంలోని మరికొన్ని గ్రామాల్లో అలాంటి ఏర్పాటే లేదు. తేడాకు కారణం జనం మంచితనంలో కాక నేలలో, కాలువలో ఉందని వేడ్ తేల్చాడు. కాలువ చివరన ఉండి, నీరు అందక పంట పోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న ఊళ్లే కట్టుబాటు చేసుకున్నాయి. పైన ఉండి నీటికి ఢోకాలేని ఊళ్లకు ఆ అవసరం రాలేదు. ఎలినార్ ఆస్ట్రోమ్ 1990లో వెలువరించిన ‘గవర్నింగ్ ది కామన్స్’లో ఉమ్మడి వనరులు చిరకాలం నిలవడానికి ఉండాల్సిన లక్షణాలను చెప్పినప్పుడు, స్పష్టమైన హద్దులు, వాడుకునేవాళ్లే చేసే నిఘా, చిన్నగా మొదలై పెరిగే శిక్షలు అనే మూడింటికీ అందులో చోటిచ్చింది. ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

స్నోమొబైల్ క్లబ్బులకు ఈ చట్రం అమరుతుందా? ఒక మేరకు అమరుతుంది. ఐడహో, మొంటానా, వ్యోమింగ్ వంటి రాష్ట్రాల్లో క్లబ్బులు కేవలం విహార బృందాలు కావు. రిజిస్ట్రేషన్ రుసుములతో దారులు చదును చేసే ఏర్పాట్లలో వాళ్లు భాగస్వాములు. తప్పిపోయినవాళ్లను, మంచు చరియల కింద పడ్డవాళ్లను వెతకడానికి మొదట వెళ్లేవాళ్లలో వాళ్లుంటారు. బళ్లు దించే పార్కింగ్ స్థలంలో ఎవరు కొత్తవాళ్లో, ఎవరు ఎటు వెళ్లారో వాళ్లకు తెలుస్తుంది. మంచు పెరిగేకొద్దీ సరిహద్దు బోర్డులను పైకి జరపడం, పొలిమేర గీతలున్న జీపీఎస్ పటాలను ఫోన్లలోకి ఎక్కించి ఇవ్వడం, లోపలికి వెళుతున్న బండిని ఆపి మాట్లాడటం వంటివి వాళ్లు చేయగల పనులు. యూనిఫాం వేసుకున్న అధికారి చెప్తే ఆజ్ఞ అవుతుంది. అదే లోయలో అదే బండి నడిపే మనిషి ‘నువ్వు దాటితే రేపు ఈ కొండ మనందరికీ మూసేస్తారు’ అంటే ఆ మాటకు వేరే బరువుంటుంది.

ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. అటవీ ప్రణాళికలు మార్చేటప్పుడు, కోర్టుల్లో వాదించేటప్పుడు, లోపలికి పడిన జాడల ఫొటోలే పక్క భూమిని కూడా మూయాలనే వాదనకు ఆధారాలవుతాయి. నిక్సన్ 1972లో ఇచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు, కార్టర్ 1977లో చేసిన సవరణ ప్రకారం మోటారు వాహనాల వల్ల తీవ్ర హాని జరుగుతున్న భూమిని మూసే బాధ్యత అధికారులదే. పైగా స్నోమొబైళ్లకు ప్రత్యేకంగా హద్దులు గీయకుండా ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చిన మినహాయింపును 2013లో ఐడహో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. వింటర్ వైల్డ్‌లాండ్స్ అలయన్స్ అనే సంస్థ వేసిన దావా అది. ఫలితంగా 2015లో కొత్త నియమం వచ్చింది. మంచు తగినంత పడే ప్రతి జాతీయ అటవీ ప్రాంతమూ బళ్లు ఎక్కడ తిరగవచ్చో పటం మీద చూపాలి, చూపనిచోట తిరగడం నేరం. అంతకుముందు మూసినట్టు చెప్పని నేలంతా తెరిచి ఉన్నట్టు లెక్క. కొత్త పటం వచ్చిన అడవిలో తెరిచినట్టు చెప్పని నేలంతా మూసినట్టే. కర్నూలు కాలువ చివరి రైతు ఎక్కడున్నాడో రైడరు ఇప్పుడు అక్కడికి చేరాడు.

ఈ సంబంధాన్ని చట్టంలోనే రాసుకున్న చోటు కాలిఫోర్నియాలో ఉంది. ఒబామా 2009 మార్చి 30న సంతకం చేసిన భూముల చట్టం హూవర్ వైల్డర్‌నెస్‌ను విస్తరిస్తూ, దాని పక్కనే హంబోల్ట్-టోయాబే జాతీయ అడవిలో సుమారు 7,254 ఎకరాలతో బ్రిడ్జ్‌పోర్ట్ వింటర్ రిక్రియేషన్ ఏరియాను ఏర్పాటుచేసింది. ఈ నేల చుట్టూ మోటారుకు తావులేని భూములున్నాయి. సియెర్రా శిఖర రేఖకు అవతల యోసెమిటీ నేషనల్ పార్కు, ఎమిగ్రంట్ వైల్డర్‌నెస్ ఉన్నాయి. పసిఫిక్ క్రెస్ట్ కాలిబాట ఈ నేల గుండానే పోతుంది. ఇలాంటి చోట స్నోమొబైళ్లకు అనుమతినిస్తూనే కాంగ్రెస్ కొన్ని షరతులు పెట్టింది. ఏడాదిలోగా శీతకాల నిర్వహణ ప్రణాళిక సిద్ధం కావాలి. అందులో బోర్డులు, ప్రజలకు అవగాహన, పర్యవేక్షణ, అమలు వ్యూహం అన్నీ ఉండాలి. అక్కడ బండి నడపాలంటే పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ మనిషిని గుర్తుపట్టే సాధనం మాత్రమే కాదు, గీత ఎక్కడుందో తెలియదనే సాకుకు కూడా అది తావివ్వదు. నా దృష్టిలో ఆ చట్టం అసలు బలం పరిమాణంలో ఉంది. 7,254 ఎకరాలంటే రైడర్లు ఒకరినొకరు గుర్తుపట్టేంత చిన్న నేల, ఒక్కరి తప్పుకు అందరూ నష్టపోయేంత చిన్న నేల.

యెల్లోస్టోన్‌లో ఇదే సూత్రం మరో రూపంలో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి సాగిన దావాల తర్వాత 2013లో వచ్చిన శీతకాల నియమం వాణిజ్య గైడ్లతో పాటు సాధారణ రైడర్లకూ కొంత చోటిచ్చింది. ఒక్కో ప్రవేశ ద్వారం నుంచి రోజుకు ఒక బృందం, అయిదు బళ్లకు మించకుండా వెళ్లవచ్చు. ఆ బృందాన్ని నడిపించే రైడరు ముందు శిక్షణ కోర్సు పూర్తి చేయాలి, తనవాళ్ల ప్రవర్తనకు పూచీ పడాలి. జనం మధ్య చూపుడువేలు ఎవరివైపు వెళ్లాలో ఆ నియమం ముందే తేల్చేసింది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. క్లబ్బుల స్వార్థాన్ని కాపలాగా భావించి మోసపోతున్నామని పర్యావరణవాదులు అనవచ్చు. నా సమాధానం ఇది: స్వార్థం ఉన్నందువల్లే ఆ కాపలా నమ్మదగినది. పరోపకారం ఒక సీజన్‌తో అలసిపోతుంది. రెండో అభ్యంతరానికి మాత్రం పూర్తి జవాబు లేదు. క్లబ్బుల మాట సభ్యుల మీద నడుస్తుంది గానీ, దూరం నుంచి ట్రైలర్ లాక్కుని వచ్చి, ఒక్క వారాంతం తిరిగి వెళ్లిపోయేవాడు ఏ క్లబ్బుకూ చెందడు. వేడ్ గ్రామాల్లో పశువును తోలుకొచ్చినవాడు మర్నాడూ అదే ఊళ్లో ఉండాలి. ఇక్కడ ఆ కట్టు లేదు. స్వచ్ఛంద గస్తీకి చలానా రాసే అధికారమూ లేదు. మంచులో, జన సంచారం లేనిచోట, ఒంటరిగా ఎదురుపడి నిలదీయడం ప్రమాదకరం కూడా. కాబట్టి రైడర్ల గస్తీని రేంజర్ గస్తీకి ప్రత్యామ్నాయంగా చూపి బడ్జెట్లు తగ్గించడం అన్యాయం. చెప్పి చూసినా వినని మనిషి మీద పెరిగే శిక్షలో చివరి మెట్టు ఎప్పుడూ ప్రభుత్వం చేతిలోనే ఉండాలి.

మూడో అభ్యంతరం జంతువుల వైపు నుంచి వస్తుంది, అన్నిటికన్నా బరువైనది అదే. మంచు ప్రాంతాల్లో తిరిగే మాంసాహార జంతువు వుల్వరీన్. దీని తల్లులు లోతైన మంచులో బొరియ చేసుకుని చలికాలం చివర్లో పిల్లల్ని కంటాయి. 2023 నవంబరులో ప్రధాన అమెరికా భూభాగంలోని వుల్వరీన్‌ను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. ఐడహో, పరిసర రాష్ట్రాల్లో కింబర్లీ హైన్‌మేయర్ బృందం ఏళ్ల తరబడి ఈ జంతువులకు జీపీఎస్ పట్టీలు కట్టి, మరోవైపు రైడర్లకూ స్కీయర్లకూ జీపీఎస్ పరికరాలిచ్చి ఇద్దరి కదలికలనూ పోల్చింది. వేల సంఖ్యలో జనం తమ జాడలను స్వచ్ఛందంగా అప్పగించారు. ఐడహో రాష్ట్ర స్నోమొబైల్ సంఘం ఆ అధ్యయనానికి తోడ్పడింది. తమకు వ్యతిరేకంగా రావచ్చని తెలిసిన ప్రశ్నకు సాక్ష్యం ఇవ్వడానికి ముందుకొచ్చిన ఆ రైడర్ల పట్ల నాకు గౌరవం ఉంది. 2019లో ప్రచురితమైన ఫలితాలు ఎవరికీ పూర్తి ఊరటనివ్వలేదు. మోటారున్నా లేకున్నా మనుషులు ఎక్కువగా తిరిగేచోట్లకు వుల్వరీన్లు దూరంగా ఉంటున్నాయి. దారులు విడిచి తిరిగే బళ్ల విషయంలో ఆడ వుల్వరీన్ల స్పందన మరింత తీవ్రంగా ఉంది. అంటే నిశ్శబ్దంగా ఉండాల్సిన నేల నిజంగా నిశ్శబ్దంగా ఉండటం ముఖ్యం. అప్పుడప్పుడూ దాటితే ఏమవుతుందిలే అన్న మాట నిలవదు.

2015 నియమం కింద అడవి తర్వాత అడవికి పటాలు గీస్తున్నారు. వైల్డర్‌నెస్ హద్దు మార్చే అధికారం కాంగ్రెస్‌కే ఉంది గానీ, దాని పక్కన బళ్లకు తెరిచే నేల హద్దు గీసేది ఫారెస్ట్ సర్వీస్. ఆ హద్దు సీట్లో కూర్చున్న మనిషికి కనిపించే శిఖర రేఖ మీదో, వాగు ఒడ్డు మీదో పడితే కాపలాదారుడి పని సగం తగ్గుతుంది. అలా గీయాలంటే చాలాచోట్ల హద్దును వైల్డర్‌నెస్ గీతకు కొంత ఇవతలికి జరపాలి, రైడర్లు చట్టబద్ధంగా తిరగగల నేలలో ఒక పట్టీ వదులుకోవాలి. మిగిలింది తెరిచే ఉంటుందన్న పూచీ పటంతోపాటు రాతలో వస్తే క్లబ్బులు అందుకు ఒప్పుకునే అవకాశం ఉంది. బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆ పూచీ కాంగ్రెస్ చట్టం ద్వారా వచ్చింది. అటవీ ప్రణాళికలో ఇచ్చిన మాటకు ఆ బలం లేదు, తర్వాతి ప్రణాళిక దాన్ని మార్చేయవచ్చు.