స్నిగ్ధ-స్థితిస్థాపక నమూనాలు, కృష్ణా డెల్టా నేల: చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

భారం తొలగించగానే పదార్థం పూర్వరూపం పొందే గుణం స్థితిస్థాపకత. ప్రవాహాన్ని నిరోధించే గుణం స్నిగ్ధత. ఈ రెండూ కలిసిన పదార్థంలో భారం మారకపోయినా వికృతి కాలక్రమాన పెరుగుతుంది. తడి బంకమన్ను ఇందుకు ఉదాహరణ. కృష్ణా డెల్టా నిర్మాణ చరిత్రను ఈ కాలగుణం దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఇసుక పునాది, రేగడి నేల

1852-55 మధ్య బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు నడుమ ఆనకట్ట నిర్మితమైంది. నిర్మాణాన్ని చార్లెస్ ఆర్ పర్యవేక్షించాడు. దాని పునాది నదిలోని ఇసుక. ఇసుక రేణువుల నడుమ నీరు త్వరగా తొలగుతుంది కనుక అది భారానికి దాదాపు వెంటనే స్పందిస్తుంది. వరద కోతకు రాళ్లు కుంగితే ఆ నష్టం త్వరలోనే బయటపడుతుంది. మళ్లీ రాళ్లు నింపవచ్చు. ఆనకట్ట నీరందించిన డెల్టాలో మాత్రం నల్లరేగడి, బంకమన్ను విస్తారం. అక్కడ గట్టు గానీ గోడ గానీ కుంగడానికి ఏళ్లు పట్టవచ్చు.

3. కాలాన్ని లెక్కించిన నమూనాలు

ఈ ఆలస్యాన్ని వివరించే గణితం ఆనకట్ట పూర్తయిన తరువాతనే రూపొందింది. 1867లో మాక్స్‌వెల్ ప్రతిబలం క్రమంగా సడలే తీరును సూత్రీకరించాడు. ఆయన పేరిట ఉన్న నమూనాలో ఒక స్ప్రింగు, నూనెలో కదిలే ఒక ముషలకం వరుసగా ఉంటాయి. అవే పక్కపక్కన ఉంటే కెల్విన్-వాయిట్ నమూనా. 1874లో బోల్ట్‌జ్‌మన్ మరొక అడుగు వేశాడు. పదార్థపు నేటి స్థితి నేటి భారంపైనే కాక, అది మోసిన గత భారాలన్నింటిపైనా ఆధారపడుతుందని ప్రతిపాదించాడు.

1925లో టెర్జాగీ గ్రంథం బంకమన్ను కుంగుబాటును రంధ్రాలలోని నీరు మెల్లగా వెలువడటంతో ముడిపెట్టింది. నీటి పీడనం తగ్గాక కూడా సాగే కుంగుబాటును 1940లో టేలర్, మర్చంట్ సిద్ధాంతంలో చేర్చారు. స్నిగ్ధ గుణం ప్రధానంగా కనిపించే దశ ఇదే.

4. ముగింపు

1952లో ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. ఆ గండికి రేగడి స్వభావం కారణమనడం సరికాదు. అది ఇసుకపై నిలిచిన కట్టడం. డెల్టా కట్టడాలన్నింటినీ ఒకే నమూనాతో వివరించలేమని ఈ భేదమే సూచిస్తుంది. బోల్ట్‌జ్‌మన్ సూత్రం ప్రకారం గత భారాలు తెలియనిదే బంకమన్ను భవిష్యత్తును లెక్కించలేము. కాబట్టి గట్లు ఎప్పుడు ఎత్తు పెంచారు, ఎక్కడ మరమ్మతు చేశారు అనే పాత దస్త్రాలు చరిత్రకారునికి ఎంత ముఖ్యమో ఇంజనీరుకూ అంతే ముఖ్యం. అవి నశిస్తే నేల మోసిన భారాల లెక్క కూడా నశించినట్లే.