యంత్రం చెవికి ఎవరి మాట వినబడుతుంది?

చేతిలోని ఫోనుతో మాట్లాడితే అది బదులు పలుకుతుంది. వాన పడుతుందా అంటే చెబుతుంది, తెల్లవారుజామున లేపమంటే లేపుతుంది, పేరు చెబితే ఆ మనిషికి కలుపుతుంది. దీన్ని వాయిస్ అసిస్టెంట్ అంటున్నారు. దీని చరిత్రను సాధారణంగా కొందరు మేధావుల, కొన్ని కంపెనీల, కొన్ని తేదీల జాబితాగా రాస్తుంటారు. ఆ చరిత్ర అబద్ధం కాదు, అసమగ్రం. మాట వినే యంత్రం తయారు కావాలంటే ముందు ఎవరో మాట్లాడి ఉండాలి. అది ఎవరి మాటలు విని నేర్చుకుంది? ఆ మాటలు ఎవరి ఆస్తి అయ్యాయి? ఇవాళ ఎవరి మాట దానికి అర్థమవుతుంది, ఎవరిది కాదు? భాషే పనిముట్టుగా బతికే రచయితలకు ఈ ప్రశ్నలు పరాయివి కావు. ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది ఈ రెండో చరిత్రను.

1

మొదట యంత్రం వినలేదు, మాట్లాడింది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ ప్రయోగశాల వారు ‘వోడర్’ అనే యంత్రాన్ని జనం ముందు పెట్టారు. రూపకర్త హోమర్ డడ్లీ. యంత్రం దానంతటదే మాట్లాడుతున్నట్టు కనిపించినా, దాని ముందు ఒక యువతి కూర్చుని ఉండేది. పది వేళ్లతో మీటలు నొక్కుతూ, మణికట్టు కింది పట్టీతో నాదాన్నీ శ్వాసనూ మారుస్తూ, కాలితో స్థాయిని పెంచుతూ తగ్గిస్తూ ఆమె ఒక్కొక్క మాటనూ వాయించేది. ఈ విద్య పట్టుబడటానికి నెలల తరబడి కఠినమైన శిక్షణ కావలసి వచ్చింది. ప్రేక్షకులు మెచ్చుకున్నది యంత్రాన్ని. మాట మాత్రం ఆ యువతుల చేతుల్లోంచి వచ్చింది. ఈ రంగం చరిత్ర పొడుగునా ఇదే సంబంధం కొనసాగింది: పేరు యంత్రానిది, పని మనిషిది.

వినే యంత్రాలు ఆ తర్వాత వచ్చాయి. 1952లో అదే బెల్ ప్రయోగశాలలో తయారైన ‘ఆడ్రీ’ సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలను గుర్తుపట్టేది. అదీ అలవాటైన గొంతు అయితేనే. గొంతు మారితే తడబడేది. 1962లో సియాటిల్ ప్రదర్శనలో ఐబిఎం వారు చూపిన ‘షూబాక్స్’కు తెలిసినవి పదహారు మాటలు.

పరిశోధనకు అసలు ఊపు 1971లో వచ్చింది. అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధనా సంస్థ అర్పా అయిదేళ్ల పథకం ఒకటి ప్రకటించింది. వెయ్యి మాటలు తెలిసిన, వాక్యాలు అర్థం చేసుకోగల యంత్రం కావాలన్నది లక్ష్యం. 1976లో ఆ లక్ష్యాన్ని అందుకున్నది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘హార్పీ’. దానికి 1011 మాటలు తెలుసు. ఆ విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధనను నడిపించిన ఆచార్యుడు డబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డిగా తెలిసిన ఈయన 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో వ్యవసాయ కుటుంబంలో పుట్టి, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు.

యంత్రానికి వినడం నేర్పినవాళ్లలో అగ్రగణ్యుడు తెలుగు పల్లెలో పుట్టినవాడు. ఆ యంత్రం నేర్చుకున్న భాష మాత్రం ఇంగ్లీషు. ఇది వ్యక్తి లోపం కాదు. డబ్బు ఎవరిదైతే భాష కూడా వారిదే అవుతుందన్న చారిత్రక సత్యానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

2

తొలినాటి శాస్త్రజ్ఞులు భాషా నియమాలను యంత్రానికి నేర్పాలనుకున్నారు. 1970ల నుంచి ఐబిఎంలో ఫ్రెడరిక్ జెలినెక్ బృందం మరొక దారి పట్టింది. వ్యాకరణం నేర్పడం కాదు, వేలాది మాటలు వినిపించి, ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని, ఏ మాట తర్వాత ఏ మాట రావటానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్క కట్టించడం. ఈ పద్ధతే చివరికి గెలిచింది. 2010 తర్వాత వచ్చిన కొత్త గణిత పద్ధతులు కూడా దీన్ని మరింత విస్తరించాయే తప్ప మూలాన్ని మార్చలేదు.

ఈ మలుపు సామాజిక పర్యవసానాన్ని మనం గమనించాలి. నియమాలతో పని జరిగినంత కాలం కావలసింది పండితులు. లెక్కలతో పని మొదలయ్యాక కావలసింది జనం గొంతులు. జనం మాట ముడిసరుకు అయింది. ఇనుప ఖనిజానికీ పత్తికీ పట్టిన గతే మాటకూ పట్టింది: ఎవరి నేలలోంచి తీశారన్నది మరుగున పడి, ఎవరి మిల్లులో తయారైందన్నదే మిగిలింది.

1980లలో అమెరికాలో ‘టిమిట్’ అనే ధ్వని భాండారాన్ని తయారుచేశారు. 630 మంది చేత ఒక్కొక్కరి చేత పది వాక్యాలు చదివించి రికార్డు చేశారు. అమెరికన్ ఇంగ్లీషును ఎనిమిది మాండలిక ప్రాంతాలుగా విభజించి ప్రతి ప్రాంతం నుంచీ మనుషుల్ని తీసుకున్నారు. మాండలికం లేకుండా మాట వినడం సాధ్యం కాదన్న సంగతి వాళ్లకు అప్పుడే తెలుసునన్నమాట. అయినా ఆ 630 మందిలో స్త్రీలు 192 మందే.

2007లో గూగుల్ అమెరికాలో ఒక ఉచిత టెలిఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు తిప్పి దుకాణం పేరు చెబితే వివరాలు చెప్పి కలిపేది. గొంతు గుర్తించే యంత్రాన్ని మెరుగు చేసుకోవటానికి రకరకాల మనుషుల మాటలు కావాలి, అందుకే ఈ సేవ అని ఆ కంపెనీ ఉన్నతాధికారే అప్పట్లో బాహాటంగా చెప్పింది. 2010లో సేవ ఆగిపోయింది. జనం గొంతుల్లోంచి సంపాదించిన జ్ఞానం కంపెనీ దగ్గర ఉండిపోయింది.

ఆపిల్ వారి ‘సిరి’ కథా ఇలాంటిదే. దాని పుట్టుక 2003లో అమెరికా రక్షణ శాఖ డబ్బుతో మొదలైన ‘కాలో’ పథకంలో ఉంది. సైనికుడి సేవకుడు అని అర్థమిచ్చే లాటిన్ మాటను దృష్టిలో పెట్టుకునే ఆ పేరు కూర్చారు. ప్రజాధనంతో సాగిన ఆ పరిశోధన నుంచి 2007లో ఒక ప్రైవేటు కంపెనీ పుట్టింది. 2010లో దాన్ని ఆపిల్ కొన్నది. 2011 అక్టోబరులో సిరి ఐఫోనులోకి వచ్చింది. అమెరికాలో సిరి తొలి గొంతు తనదేనని సూసన్ బెన్నెట్ అనే కళాకారిణి 2013లో వెల్లడించింది. 2005లో ఆమె వేరొక కంపెనీ కోసం రోజుకు గంటల తరబడి వాక్యాలు చదివింది. అవి ఎక్కడికి చేరతాయో ఆమెకు అప్పుడు తెలియదు. వోడర్ ముందు కూర్చున్న యువతి కనీసం జనానికి కనిపించింది. ఈమె అదీ లేదు.

యంత్రం గొంతు స్త్రీది కావడం కూడా యాదృచ్ఛికం కాదు. పిలిస్తే పలికి, తిట్టినా వినయంగా బదులిచ్చే సేవకురాలి రూపం ఇంటింటా ఎలాంటి సంస్కారాన్ని పెంచుతుందని 2019లో యునెస్కో నివేదిక ప్రశ్నించింది. 2021లో గాని సిరి అమెరికన్ ఇంగ్లీషులో స్త్రీ గొంతును ముందుగానే ఖాయం చేయడం మానలేదు.

3

ఇక ఈ యంత్రం మన పల్లెకు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. జనగామ దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మకు అక్షరాలు రావు. హైదరాబాదులో ఉన్న కూతురితో మాట్లాడాలంటే ఎవరో ఒకరు నంబరు నొక్కిపెట్టాలి. నోటిమాటతో పనిచేసే ఫోను ఆమెలాంటి వాళ్లకే నిజంగా అవసరం. ఆ ఫోనును సిద్ధం చేసే పని నేను చేశాను.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి భాషగా తెలుగు ఎంచుకోవాలి. మైకు వాడుకోవటానికీ పేర్ల పట్టీ చూడటానికీ అనుమతి ఇవ్వాలి. తర్వాత ఆమె గొంతు గుర్తుండటానికి పిలుపుమాట కొన్నిసార్లు చెప్పించాలి. ఆ పిలుపుమాట ఇంగ్లీషుది. ఆమె నోట అది తిరగటానికి చాలాసేపు పట్టింది. షరతుల పత్రం పొడుగ్గా వచ్చింది, ఒప్పుకుంటే తప్ప ముందుకు కదలదు. చదవలేని మనిషి కోసం చేసిన యంత్రం మొట్టమొదట అడిగేది చదివి సంతకం పెట్టమని!

“ఇంట్ల మాట్లాడేదంత ఇది ఇంటదా, కొడుకా?” అని పెద్దమ్మ అడిగింది. షరతులేవీ చదవకుండానే అసలు ప్రశ్న ఆమె వేసింది. నేను చెప్పిన జవాబు ఇది: ఫోను పిలుపుమాట కోసం ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. కొద్ది క్షణాల ధ్వనిని తనలోనే పోల్చి చూసుకుని, పిలుపు కాకపోతే చెరిపేస్తుంది. పిలుపేనని తోచిందా, ఆ తర్వాతి మాటను సాధారణంగా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లకు పంపుతుంది. అక్కడ ధ్వని అక్షరాలవుతుంది, అక్షరాల నుంచి మనిషికి ఏం కావాలో ఊహిస్తుంది, ఊహను బట్టి పని చేస్తుంది. పిలవకపోయినా పిలిచారని పొరబడటం కద్దు. మాటలను దాచుకోవద్దని సెట్టింగ్స్‌లో చెప్పవచ్చు, దాచినవి చెరిపేయవచ్చు. ఆ రెండు పనులూ చేసిపెట్టాను.

ఈ జాగ్రత్త అతిశయోక్తి కాదు. 2019లో బెల్జియం ప్రసార సంస్థ విఆర్‌టి, గూగుల్ అసిస్టెంట్ రికార్డు చేసిన మాటలను కాంట్రాక్టు పనివాళ్లు వింటున్నారని బయటపెట్టింది. ఆ సంస్థ విన్న వెయ్యికి పైగా రికార్డుల్లో 153 పిలుపుమాట లేకుండానే రికార్డయినవి. అదే ఏడాది అమెజాన్, ఆపిల్ విషయంలోనూ ఇలాంటి వార్తలే వచ్చాయి. ఆపిల్ క్షమాపణ చెప్పింది. సిరి పొరపాటున ఇళ్లలోని మాటలు రికార్డు చేసిందన్న కేసులో, తప్పు ఒప్పుకోకుండానే, 9.5 కోట్ల డాలర్లు చెల్లించటానికి 2024 డిసెంబరులో అంగీకరించింది.

అంతా సిద్ధమయ్యాక పెద్దమ్మ, “నా బిడ్డకు ఫోను కొట్టు” అంది. యంత్రం చుట్టుపక్కల ఉన్న ఫోను దుకాణాల జాబితా చూపించింది. తెలంగాణలో ఫోను ‘కొట్టడం’ అంటే ఫోను చేయడం. యంత్రానికి తెలిసిన కొట్టు, కోస్తాలో సరుకులమ్మే కొట్టు. “పొద్దుగాల అయిదింటికి లేపు” అంటే అర్థం కాలేదంది. “ఉదయం” అంటే వెంటనే ఒప్పుకుంది.

నన్ను కలవరపెట్టింది యంత్రం పొరపాటు కాదు, ఆ తర్వాత జరిగింది. వారం తిరిగేసరికి పెద్దమ్మ దానితో టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగులో మాట్లాడుతోంది. మా అందరితో ఒక భాష, యంత్రంతో ఒక భాష. మనిషి యంత్రానికి నేర్పిన దశ దాటి, యంత్రం మనిషిని దిద్దే దశ వచ్చింది. అది అధికారి బెత్తంతో దిద్దదు. తన పని జరగాలన్న అవసరంతో మనిషే తన నోరు దిద్దుకుంటాడు.

ఇది తెలుగుకే పట్టిన అవస్థ కాదు. అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల యంత్రాలను పరీక్షించి 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తెల్లవాళ్ల మాటల్లో నూటికి సుమారు 19 తప్పుగా విన్న యంత్రాలు నల్లవాళ్ల మాటల్లో సుమారు 35 తప్పుగా విన్నాయి. యంత్రం చెవుడు సమాజంలోని చెవుడుకు నకలు.

4

ఈ సమస్య మన సాహిత్యానికి కొత్తది కాదు. గిడుగు రామమూర్తి (1863-1940) గ్రాంథికవాదులతో పోరాడినప్పుడు అడిగిన ప్రశ్న ఇదే: జనం మాట్లాడేది భాష కాదా? ఆయన తెలుగుతో ఆగలేదు. సవరల మధ్య తిరిగి, వాళ్ల మాట విని, 1931లో వాళ్ల భాషకు వ్యాకరణం ప్రచురించాడు. తర్వాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం చేపట్టాడు. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. క్షేత్రకార్యకర్తలు ఊళ్లు తిరిగి రైతులనూ నేతగాళ్లనూ అడిగి, ఏ మాట ఏ ప్రాంతానిదో నమోదు చేశారు. అక్కడా జనం మాటను సేకరించారు. కాని సేకరించింది పుస్తకమై జనం చేతికి తిరిగి వచ్చింది. కంపెనీ సేకరణకూ దీనికీ మౌలికమైన తేడా ఇక్కడుంది.

2011లో సిరి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషలతో వచ్చింది. ఆ ఏటి జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.11 కోట్లు. అయినా గూగుల్ గొంతుతో టైపు చేసే సౌకర్యాన్ని తెలుగుకు ఇచ్చింది 2017లో. 2024 జూన్‌లో ఆ కంపెనీ కొత్త సహాయకారి జెమినై యాప్ భారతదేశంలో తొమ్మిది భారతీయ భాషలతో వచ్చింది, వాటిలో తెలుగు ఉంది. గోండీ, కోయ, సవర, లంబాడీ లేవు. తెలుగు మాండలికాల గోడు చెప్పుకునే మనం, మన పక్కనే ఉన్న ఈ భాషల గోడు వినకపోతే మన వాదానికి నైతిక బలం ఉండదు.

మంచి ప్రయత్నాలు లేవని కాదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘భాషిణి’ని ప్రారంభించింది, గొంతు దానం చేయమని ప్రజలను కోరింది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ గూగుల్‌తో కలిసి ‘వాణి’ పేరుతో జిల్లాలవారీగా మాటలు సేకరిస్తోంది. మద్రాసు ఐఐటిలోని ఏఐ4భారత్ 2024లో 145 జిల్లాల నుంచి 16,237 మంది గొంతులు, 22 భాషల్లో 7,348 గంటలు వెలువరించింది. అందులో చదివించినవి నూటికి తొమ్మిది పాళ్లే. మిగతావన్నీ మనుషులు స్వేచ్ఛగా మాట్లాడినవి. వాణి సేకరణ, ఈ సేకరణ కూడా అందరూ వాడుకోదగినవిగా బయటపెట్టారు. ఇది సరైన దిశ.

అయితే శాస్త్రజ్ఞులు ఒక్కరే చేయగల పని కాదిది. పొద్దుగాలకూ ఉదయానికీ ఉన్న సంబంధం, ఒక ఊళ్లో కొట్టు మరో ఊళ్లో ఏమవుతుందన్న సంగతి, తిట్టులో ఉన్న ప్రేమ, సామెతలో ఉన్న ఎత్తిపొడుపు తెలిసినవాళ్లు కథకులు, పాటగాళ్లు, జానపద పరిశోధకులు. ఈ యంత్రాన్ని బహిష్కరించమని నేను అనను. అక్షరం అందనివాళ్లకు అది అందివచ్చిన చేయి. దాన్ని చూసి పరవశించమనీ అనను. మన విద్యార్థులు ఊరికి వెళ్లి పెద్దవాళ్ల మాట వాళ్ల ఇష్టపూర్వకంగా, ఊరి పేరుతో సహా రికార్డు చేయాలి. చెప్పినవాళ్లకు అది ఎక్కడికి చేరుతుందో తెలియాలి. ఆ భాండారం విశ్వవిద్యాలయాల్లో, గ్రంథాలయాల్లో ప్రజల ఆస్తిగా ఉండాలి. దాన్ని వాడుకునే కంపెనీలు ఆ సంగతి ఒప్పుకోవాలి.

వ్యావహారిక భాషోద్యమం జనం మాటకు పుస్తకంలో చోటు సంపాదించింది. ఆ పోరాటం గెలవటానికి ఒక తరం పైగా పట్టింది, అదీ గ్రాంథికం పాఠాలు బడిపిల్లలను చాలినంత బాధపెట్టాక. యంత్రానికి అంత వ్యవధి అవసరం లేదు. అది ప్రతి ఇంట్లోనూ, ప్రతి రోజూ, ఎవరూ గమనించకుండా పాఠం చెబుతోంది. ఆ పాఠంలో ఎవరి తెలుగు ఉండాలో తేల్చే పని కంపెనీల ఇంజనీర్లకు వదిలేస్తే, రేపు మన కథల్లోని పాత్రలు మాట్లాడే భాషను వినడానికి యంత్రం సరే, మనుషులు కూడా మిగలరు.