మోటుపాటా, మేటిపాటా

మన సంఘం పేరులో వున్న "అభ్యుదయం" అన్న మాటను ఇంగ్లీషులో "ప్రోగ్రెసివ్" అంటారు. 1970 ప్రాంతాల్లో ఇంగ్లండులో ఒక సంగీత శాఖ అదే విశేషణాన్ని తన పేరు ముందు తగిలించుకుంది. అదే ప్రోగ్రెసివ్ రాక్. అక్కడ అభ్యుదయమంటే శ్రామికుల అభ్యుదయం కాదు. పాట నిడివిలో, తాళాల చిక్కులో, వాద్యాల సంఖ్యలో అభ్యుదయం. దానిమీద తిరగబడి 1976-77లో పచ్చిగా, మోటుగా బయలుదేరింది పంక్ సంగీతం. మొదటిదాన్ని మెచ్చేవాళ్లకు రెండోది రుచిస్తుందా అన్న చర్చ యీనాటికీ తెగలేదు.

ఇది పరాయిదేశపు పాటల తగువు, మనకెందుకని కొందరు అనవచ్చు. కాని మేటిపాట ఏది, మోటుపాట ఏది, ఆ నిర్ణయం చేసే అధికారం ఎవరిది అన్న ప్రశ్న అరకులోయ నుంచి పార్వతీపురం కొండల దాకా మనముందు చాలాసార్లు నిలబడింది. దానికి మనం యిచ్చిన జవాబులన్నీ గర్వించదగినవి కావు. కనుక ముందు ఆ తగువును చూసి, తర్వాత మన కొండల దగ్గరికి వద్దాం.

1

ప్రోగ్రెసివ్ రాక్ బోలు సంగీతమని కొట్టివేయడం తేలిక. అది న్యాయం కాదు. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందం తన మొదటి రికార్డుతో చూపిన సాహసం నిజమైనదే. మూడు నిమిషాల ప్రేమపాట చట్రాన్ని బద్దలుకొట్టి, అయిదు మాత్రలు, ఏడు మాత్రల నడకలను యువజనుల చెవులకు అలవాటు చేసింది యీ శాఖ. అయితే సాహసం అంగడి సరుకైన కొద్దీ ఆడంబరం పెరిగింది. 1973 చివర యెస్ అనే బృందం రెండు రికార్డుల్లో నాలుగే పాటలు విడుదల చేసింది. వాటికి ప్రేరణ పరమహంస యోగానంద ఆత్మకథలోని ఒక అధోజ్ఞాపిక. 1977లో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం ఒక పెద్ద వాద్యగోష్ఠిని వెంటబెట్టుకుని అమెరికా పర్యటనకు బయలుదేరి, ఖర్చు మోయలేక కొద్ది కచేరీలకే దాన్ని వదిలించుకుంది.

సరిగ్గా ఆ కాలంలోనే బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది. 1976లో ఆ ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయిచాచి, సంక్షేమ వ్యయానికి కోత పెట్టింది. బడి వదిలి పని దొరకని కుర్రవాడికి వేల పౌన్ల వాద్యాలూ, ఏళ్ల తరబడి సాధనా అందేవి కావు. అతనికి అందినవి ఒక పాత గిటారు, మూడు స్వరమేళనాలు, చెప్పుకోవలసిన కోపం. 1977 జనవరిలో సైడ్‌బర్న్స్ అనే చిన్న పత్రిక ఆ మూడు మేళనాలకు బొమ్మలు గీసి, యిక బృందం కట్టండని పాఠకులకు చెప్పింది. పంక్ సిద్ధాంతమంతా దాదాపు యింతే: సంగీతం వినేవాడికీ, చేసేవాడికీ మధ్యనున్న గోడను కూల్చడం.

పంక్ పుట్టుకతోనే వామపక్షం అనుకోవడం పొరపాటు. అందులో స్వస్తిక ధరించి వెకిలివేషాలు వేసినవాళ్లున్నారు, జాత్యహంకారులూ చేరారు. దాన్ని ఒక వైపుకు లాగింది పోరాటమే. 1976 ఆగస్టులో ఎరిక్ క్లాప్టన్ అనే పేరుమోసిన గిటారు విద్వాంసుడు బర్మింగ్‌హామ్ వేదికమీద వలసవచ్చినవారికి వ్యతిరేకంగా మాట్లాడాడు. దానికి జవాబుగా "రాక్ ఎగైనెస్ట్ రేసిజం" ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కుకు పదుల వేలమంది నడిచివెళ్లి, క్లాష్ వంటి పంక్ బృందాలనూ, స్టీల్ పల్స్ వంటి నల్లవారి బృందాలనూ ఒకే వేదికమీద విన్నారు. సంగీతపు మోటుదనం దానంతటదే ప్రగతి కాదు; ఎవరి పక్షాన మోగిందన్నదే నిర్ణయిస్తుంది.

పంక్ వచ్చి ప్రోగ్రెసివ్ రాక్‌ను చంపిందన్న కథ కూడా సగమే నిజం. ప్రోగ్రెసివ్ శాఖకు చెందిన పీటర్ హామిల్ 1975లోనే పంక్ లక్షణాలున్న రికార్డు చేశాడు. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ 1977లో రేడియోలో అతన్ని మెచ్చుకున్నాడు. పంక్ అలలోనే పుట్టిన న్యూయార్క్ బృందం టెలివిజన్ 1977లో పది నిమిషాల పాట చేసింది. క్లాష్ బృందం 1980లో మూడు రికార్డుల్లో 36 పాటలు యిచ్చి, దానికి నికరాగ్వా విప్లవకారుల పేరు పెట్టింది. దిస్ హీట్ బృందం 1981లో అణుయుద్ధ భయాన్ని వస్తువుగా తీసుకుని, పంక్ కరుకుదనాన్నీ, ప్రోగ్రెసివ్ రాక్ నిర్మాణదృష్టినీ ఒకే రికార్డులో కలిపింది. అంటే ఇంగ్లండులో వర్గవిభజన విడదీసిన రెండు గుణాలు, కరుకైన గొంతూ పెద్ద నిర్మాణమూ, మళ్లీ కలుసుకోవడానికి కొన్నేళ్లు తంటాలు పడ్డాయి.

2

మన దగ్గర ఆ రెండూ విడిపోనేలేదు. అందుకు నిదర్శనం జముకుల కథ.

జముకు ఉత్తరాంధ్ర జానపదుల వాద్యం. చిన్న డోలు వంటి దానికి ఒకవైపు తోలు బిగించి, తోలు మధ్యనుంచి ఒక తీగను లాగుతారు. వాద్యాన్ని చంకన యిరికించుకుని, ఒక చేత్తో తీగను బిగిస్తూ, మరో చేత్తో మీటుతారు. బిగువును బట్టి నాదం పైకీ కిందికీ జారుతుంది. వున్నది ఒకటే తీగ. అయినా తాళమూ, శ్రుతీ, ఒక్కొక్కసారి వెక్కిరింతా దానిలోంచే పలుకుతాయి. మూడు మేళనాలు చాలునని లండన్ కుర్రవాళ్లు 1977లో కనుక్కున్నారు. ఒక్క తీగ చాలునని మన పల్లెలకు ఏనాటినుంచో తెలుసు. అంతటి మోటు వాద్యంతో నడిచేది చిన్న పాట కాదు. వచనం, పాట, హాస్యం కలిసి గ్రామదేవతల గాథలు రాత్రి పొడుగునా సాగుతాయి. యెస్ బృందం రెండు రికార్డుల్లో అందుకోజూసిన నిడివిని జముకులవాడు ఒక జాతర రాత్రిలో సునాయాసంగా దాటిపోతాడు.

శాస్త్రజ్ఞుల మెప్పు దీనికి దక్కలేదు. చాపుతాళాలు జానపదుల నుంచే శాస్త్రీయ సంగీతంలోకి వెళ్లాయని సంగీత చరిత్రకారులు చెబుతారు. అయినా ఏడు మాత్రల మిశ్రచాపు కచేరీలో వినిపిస్తే విద్వత్తు, వూరిబయట వినిపిస్తే మోటు!

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి యీ దృష్టిని మొదట ఎదిరించింది. భిక్షుక కళగా చిన్నచూపు చూడబడిన బుర్రకథను నాజర్ ప్రజల ఆయుధం చేశాడు. సుంకర సత్యనారాయణ "కష్టజీవి" వంటి కథలు రాశాడు. ప్రదర్శనలను నిషేధించి, మద్రాసు ప్రభుత్వమే ఆ కళ శక్తికి యోగ్యతాపత్రం యిచ్చింది.

శ్రీకాకుళం కొండల్లో అదే పనిని జముకుల కథతో చేసినవాడు సుబ్బారావు పాణిగ్రాహి. ఆయన మాతృభాష ఒరియా. వృత్తి బొడ్డపాడులో గుడి పూజారితనం. పూజారి జముకు పట్టడంలోనే ఒక సాంఘిక తిరుగుబాటు వున్నది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన మహాసభకు పోతున్నవారిపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి కోరన్న, మంగన్న అనే యిద్దరిని బలిగొన్నారు. ఉపాధ్యాయులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన గిరిజనోద్యమం ఆ తర్వాత సాయుధపోరాటంగా మారింది. ఆ పోరాటంలో పాణిగ్రాహి పాట వార్తాపత్రిక పనీ, పాఠశాల పనీ చేసింది. 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో పోలీసులు ఆయనను చంపారు. రెండు నెలలకు, 1970 ఫిబ్రవరిలో, విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల సమయాన విద్యార్థులు రచయితలను ఎటువైపని నిలదీశారు. ఆ ప్రశ్నకు వెనుక జముకు నాదం కూడా వున్నదని మనం మరువరాదు.

ఆయన పంథాతో ఏకీభవించనివారు మనలో వున్నారు, వుంటారు. పంథా చర్చ వేరు. ఒక కళారూపాన్ని గుడి నుంచీ జాతర నుంచీ కూలివాడి గుడిసెదాకా నడిపించిన పనిని పంథా చర్చలో పడవేసి మూల్యం కట్టకుండా వుండడం విమర్శ కాదు.

3

తర్వాతి కథ పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావుది. ఆయన విశాఖపట్నం నౌకానిర్మాణ కేంద్రంలో ఫిట్టరు. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలిని నిర్మించాడు. "భూమి భాగోతం" అనే నృత్యరూపకం రాశాడు. ఉత్తరాంధ్ర యాసనే కవితాభాష చేసి, మూడు వందలకు పైగా పాటలు కట్టాడు. యంత్రాన్ని నడిపేది మనిషి శ్రమేనని చెప్పే పాట కట్టినవాడు తానే యంత్రం ముందు నిలబడినవాడు కావడం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ ఒక పోలిక తట్టుతుంది. రాబర్ట్ వయట్ ప్రోగ్రెసివ్ రాక్ తొలినాటి బృందమైన సాఫ్ట్ మెషీన్‌లో డోలు వాయించాడు. 1973లో ప్రమాదవశాత్తూ నడుము కింది భాగం చచ్చుబడింది. ఆ దశకం చివర బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. పంక్ కాలంలో పుట్టిన రఫ్ ట్రేడ్ సంస్థ ద్వారా 1982లో ఆయన పాడిన పాట పేరే "నౌకానిర్మాణం" అని అర్థం యిస్తుంది. ఫాక్లండ్ యుద్ధకాలంలో ఓడ కట్టే పని వచ్చిందని సంతోషించే వూరు, ఆ ఓడలోనే తన కొడుకును యుద్ధానికి పంపుతుందన్నది దాని వస్తువు. వంగపండు వయట్‌ను, వయట్ వంగపండును విని వుండాలన్న నియమం లేదు. రెండు రేవుల్లోనూ శ్రమను గురించిన ఆలోచన సూటిగా పలికింది. ప్రోగ్రెసివ్ రాక్ అభిమానికి పంక్ ఎందుకు నచ్చాలి అన్నవారికి జవాబు వయట్. అలంకారాలు వదిలితే సంగీతం పోదు, దాగిన ఆలోచన బయటపడుతుంది.

4

మోటుపాట మీద రెండు రకాల అన్యాయాలు జరుగుతాయి. మొదటిది తిరస్కారం. రెండోది కొనుగోలు. రాణిపై సెక్స్ పిస్టల్స్ పాటను 1977లో బీబీసీ నిషేధించింది. అదే పంక్ చిరుగుల చొక్కా తర్వాత ఖరీదైన దుకాణాల్లో వేలాడింది. వంగపండు ప్రసిద్ధ గీతపు పల్లవి 2009లో "మగధీర" సినిమా పాటలోకి చేరింది. అరకు థింసా గతి కూడా యిదే. బోడ థింసా గ్రామదేవతకు మొక్కు. పోతర్ తోల ఆకులు ఏరే పనికి రూపం. బాగ్ థింసా పులినుంచి తప్పించుకునే తీరు. తుడుము, డప్పు, మోరి, కిరిడి వాద్యాల మధ్య ఒకరి నడుము వెనుక ఒకరు చేతులల్లి తిరిగే ఆ వలయంలో ప్రేక్షకులనే వర్గం మొదట లేదు. యాత్రికుల వినోదానికి ఆడేటప్పుడు వలయం తెగి, ఒకవైపు ఆడేవారు, మరోవైపు చూసేవారు మిగులుతారు.

మూడో అన్యాయం కూడా ఒకటి వుంది, అది మనది. గిడుగు రామమూర్తి సవరభాష నేర్చి, 1931లో వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ ప్రకటించారు. ఆ తర్వాత గిరిజనుల గురించి పాటలు వెల్లువెత్తాయి గాని, మన పత్రికల్లోనూ పాఠ్యాల్లోనూ చేరినవి ఎక్కువగా తెలుగుపాటలే. సవర, కువి పాటలను ఆ భాషల్లోనే విని, అచ్చువేసి, విమర్శకు పెట్టిన పుటలు ఎన్ని? కొండవాని పక్షాన పాడటం గొప్పదే. కొండవాడు పాడితే వినడం అంతకంటె కష్టమని మన మౌనమే చెబుతున్నది.

కనుక మోటా, మేటా అన్న లెక్కను వాద్యాల సంఖ్యతోనూ, నిడివితోనూ తేల్చే అలవాటు మానుకోవాలి. ఆ పాట ఎవరి చేతిలో వుంది, వినేవాడికి తానూ పాడగలనన్న ధైర్యం యిచ్చిందా, అన్నవే అడగవలసిన ప్రశ్నలు. బడిలో పనిచేసే మన ఉపాధ్యాయులు యీ ఏడు ఒక పని చేయవచ్చు. అరకు, పాడేరు, సీతంపేట ప్రాంతాల విద్యార్థులు యింట్లో పాడుకునే పాటను, యింటి భాషలో, తరగతిలో ఒకసారి పాడనివ్వాలి. ఆ గంటలో ఉపాధ్యాయుడు విద్యార్థి అవుతాడు. అభ్యుదయమన్న మాట అర్థవంతం కావడానికి అంతకంటె మంచి ఆరంభం లేదు.